ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఒక్కో గ్రూప్‌లో చివరి రెండు మ్యాచ్‌లు ఒకే సమయానికి ఎందుకు పెడతారు?

ఒక మ్యాచ్ ఫలితం ముందే తెలిస్తే, తర్వాత ఆడేవాళ్లు తమకు కావాల్సిన స్కోరు లెక్క వేసుకోవచ్చు. 1982 ప్రపంచకప్‌లో సరిగ్గా అదే జరిగింది.

పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించి సంచలనం రేపిన అల్జీరియా, తన చివరి మ్యాచ్‌లో చిలీపై కూడా గెలిచింది. మర్నాడు జూన్ 25న స్పెయిన్‌లోని హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా తలపడ్డాయి. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే చాలు, ఇద్దరూ ముందుకెళ్తారు, అల్జీరియా ఇంటికి. పదో నిమిషంలో జర్మనీ ఆటగాడు హ్రూబెష్ గోల్ కొట్టాడు. ఆ తర్వాత ఆట చచ్చిపోయింది. బంతిని వెనక్కీ పక్కకీ తోసుకుంటూ కాలక్షేపం చేశారు. స్టాండ్స్‌లో అల్జీరియా అభిమానులు కరెన్సీ నోట్లు ఊపి నిరసన తెలిపారు. అల్జీరియా ఫిర్యాదును ఫిఫా తోసిపుచ్చింది. ఆ జట్టుకు జరిగింది అన్యాయమే, నాకైతే అందులో సందేహం లేదు.

1986 నుంచి గ్రూప్‌లోని చివరి రౌండ్ మ్యాచ్‌లు ఒకేసారి మొదలవుతున్నాయి. దాంతో టెన్షన్ కూడా పెరిగింది. 2022లో ఒకే గ్రూప్‌లో జపాన్ స్పెయిన్‌పై ఆధిక్యంలో ఉండగా, మరో మ్యాచ్‌లో కోస్టారికా జర్మనీపై 2-1 చేసింది. ఓ మూడు నిమిషాలు స్పెయిన్, జర్మనీ రెండూ ఔట్! చివరికి జర్మనీ 4-2తో గెలిచినా ఇంటికెళ్లింది, ఓడిన స్పెయిన్ గోల్ తేడాతో బతికిపోయింది.