డబ్ల్యూడీజీ-3ఏ గూడ్సు ఇంజన్ ఎందుకు పుట్టింది? తేడా అంతా చక్రాల దగ్గరే ఉంది

మీ ప్రశ్న: డబ్ల్యూడీఎం-3ఏ (ప్యాసింజర్‌కీ గూడ్సుకీ వాడే డీజిల్ ఇంజన్), డబ్ల్యూడీజీ-3ఏ (గూడ్సు డీజిల్ ఇంజన్) రెండూ 3100 హార్స్‌పవర్ ఆల్కో ఇంజన్లే కదా, మరి గూడ్సు కోసం వేరే క్లాస్ ఎందుకు తెచ్చారు? గుంతకల్లు వైపు గూడ్సు బళ్ల మీద కొన్నేళ్లు అసిస్టెంట్ డ్రైవర్‌గా తిరిగాను, రెండు రకాల మీదా పనిచేశాను. ఒక్క మాటలో చెప్పమంటే, పట్టు కోసం.

అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు 1962లో మన దేశానికి వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో వాటినే తయారు చేశారు. బలం 2600 హార్స్‌పవర్. ఎక్స్‌ప్రెస్‌కైనా గూడ్సుకైనా అదే ఇంజన్. 1969లో ఆల్కోయే మూతపడింది, ఇక్కడ మాత్రం దాని డిజైన్ ఇంకో నలభై ఏళ్లకు పైగా బతికింది. తర్వాత అదే 16 సిలిండర్ల ఇంజన్‌ని 3100కి పెంచారు, అదే డబ్ల్యూడీఎం-3ఏ.

ఈలోగా గూడ్సు బళ్లు బరువెక్కాయి. బాక్స్-ఎన్ వ్యాగన్లు (బొగ్గు లాంటివి మోసే పైకప్పు లేని పెట్టెలు) 58 కడితే, నిండు లోడుతో దాదాపు 4700 టన్నులు. అంత బరువు లాగేటప్పుడు ఇంజన్‌లో ఎంత బలం ఉన్నా, చక్రం పట్టాని పట్టుకోకపోతే అక్కడే గిర్రున తిరుగుతుంది. ఈ చిక్కు తీర్చడానికే 1995లో డబ్ల్యూడీజీ-3ఏ వచ్చింది. మొదట దాని పేరు డబ్ల్యూడీజీ-2. ముద్దుగా శక్తి అనేవాళ్లు.

గాజులపల్లి, దిగువమెట్ట మధ్య నల్లమల ఎక్కుడులో ఒక రాత్రి నాకు బాగా గుర్తు. సన్నటి తుంపర. జోరు వాన పడితే నయం, పట్టాలు కడిగేస్తుంది. తుంపరకి పట్టా మీది దుమ్ము, నూనె కలిసి జిగటగా మారతాయి. ముందు ఉన్నవి రెండు డబ్ల్యూడీఎం-3ఏలు. వీల్ స్లిప్ లైట్ వెలిగింది, బజర్ మోగింది. డ్రైవర్ గారు నాచ్ (ఇంజన్ బలం పెంచే, తగ్గించే మెట్టు) తగ్గించి, "ఇసుక పడుతోందా చూడు బాబూ" అన్నారు. చక్రానికి పట్టు దొరకాలని పట్టా మీద ఇసుక చల్లుతారు. బండి ఆగిపోయాక దిగి టార్చి వేశాను. ముందు చక్రం దగ్గర ఇసుక పైపు తేమకి గడ్డకట్టి ఉంది. స్పానర్‌తో కొడితే గుప్పెడు రాలింది. పావుగంట టెన్షన్ తర్వాత మెల్లగా కదిలాం.

ఆ తర్వాత అదే ఎక్కుడులో డబ్ల్యూడీజీ-3ఏ జంటతో వెళ్లినప్పుడు తేడా తెలిసింది. లోడు లాగేటప్పుడు బోగీలో (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, ఇంజన్ కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం) ముందు ఇరుసు మీది బరువు తగ్గి వెనక్కి మళ్లుతుంది, అందుకే ముందు చక్రమే మొదట జారుతుంది. కొత్త బోగీలో ఇరుసులను తిప్పే మోటార్లన్నీ ఒకే వైపుకి అమర్చి, రెండంచెల సస్పెన్షన్ పెట్టారు. దాంతో ఆరు ఇరుసుల మీదా బరువు ఇంచుమించు సమంగా నిలుస్తుంది. పైగా ఇంజన్ బరువే 112.8 టన్నుల నుంచి 123కి పెరిగింది. గేరు కూడా వేగానికి కాదు, లాగడానికే: గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. ఇవన్నీ పుస్తకంలో చిన్న అంకెలే, తుంపరలో ఎక్కుడు ఎక్కేవాడికి చాలా పెద్దవి.

1999లో ఈఎండీ అనే అమెరికా కంపెనీ డిజైన్‌తో 4000 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-4 వచ్చాక జారుడుని కంప్యూటరే కనిపెట్టి సరిచేయసాగింది. విద్యుదీకరణతో మిగిలిన పని కూడా తగ్గింది. రెండు డబ్ల్యూడీజీ-3ఏలను కలిపి 10,000 హార్స్‌పవర్ విద్యుత్ ఇంజన్‌గా మార్చి, 2019 ఫిబ్రవరిలో వారణాసిలో జెండా ఊపారు.

మళ్లీ ఎప్పుడైనా యార్డులో ఈ రెండూ పక్కపక్కన కనిపిస్తే పైన బాడీ చూడకండి, అది దాదాపు ఒకటే. వంగి బోగీ చూడండి. పాత బోగీలో ఇరుసులను కలుపుతూ పొడవాటి బద్దీ ఉంటుంది, డబ్ల్యూడీజీ-3ఏలో అది కనిపించదు.