అద్దంలో బాగానే ఉంటాను, సెల్ఫీలో ముక్కు పెద్దగా కనిపిస్తోంది.. ఏది నిజం?

ప్రశ్న: నా వయసు 25. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అద్దంలో చూసుకుంటే బాగానే ఉంటాను. ఫోన్‌లో తీసుకుంటే మాత్రం ముక్కు పెద్దగా, ముఖం ఒక పక్కకు ఉన్నట్టు కనిపిస్తుంది. నా అసలు ముఖం ఏది? ఎదుటివాళ్ల కన్ను అందాన్ని ఎలా తేలుస్తుంది? ముక్కుకు ఆపరేషన్ చేయించుకోవచ్చా? రోజూ చాలాసేపు అద్దం ముందే గడిచిపోతోంది. రంగు తేలడానికి మా పిన్ని చెప్పిన ట్యూబు 8 నెలలుగా రాస్తున్నాను, మానితే మంట పుడుతోంది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముక్కు గురించి అంత రాసి ట్యూబు సంగతి చివర్లో ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు ముందు కంటబడింది ఆ చివరి వాక్యమే. ముక్కు విషయం తర్వాత మాట్లాడదాం, అదేమీ తొందర లేదు.

ట్యూబు పేరు మీరు రాయలేదు, మీ ముఖం నేను చూడలేదు, కాబట్టి ఫలానా అని గట్టిగా చెప్పలేను. కానీ రాస్తే బాగుండటం, మానితే ఎర్రబడి మంట పుట్టడం అంటే స్టెరాయిడ్ కలిసిన క్రీముకు చర్మం అలవాటు పడిపోయిందేమోనని మేం డాక్టర్లం మొట్టమొదట అనుమానిస్తాం. మెడికల్ షాపులో ‘తెల్లబడటానికి’ అని చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో మూడు మందులు ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, వాటితోపాటు మోమెటసోన్ లాంటి ఒక స్టెరాయిడ్. ఇది మంగు మచ్చలకు, డాక్టరు చూస్తూ కొన్ని వారాలు మాత్రమే వాడించే మందు. స్నో, పౌడరు లాగా ఏడాదంతా పూసుకునేది కాదు.

మొదట్లో ఇది ఎందుకంత పని చేసినట్టు కనిపిస్తుందో చెప్తాను, ఎందుకంటే మీరు అడిగిన కన్ను సంగతి కూడా ఇందులోనే ఉంది. ముఖాన్ని చూసినప్పుడు మన కన్ను ముక్కు కొలతలు తీసుకుంటూ కూర్చోదు. మెదడు కింది భాగంలో, ముఖ్యంగా కుడివైపు, ముఖాలకు బాగా స్పందించే చిన్న ప్రాంతం ఒకటి ఉంది, 1997లో దానికి ఫ్యూజిఫార్మ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టారు. కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా కాకుండా ముఖాన్ని మొత్తంగా ఒక్కసారే పట్టేసే తీరు మన మెదడుది. ఒక ప్రయోగంలో సెకనులో వందో వంతు కంటే కాస్త ఎక్కువ సేపు, అంటే 13 మిల్లీ సెకన్లు మాత్రమే ముఖం చూపించినా మనుషులు అందంగా ఉందో లేదో ఒక మాదిరిగా చెప్పగలిగారు. అంత తక్కువ సమయంలో ముక్కు ఎంత వెడల్పుందని ఎవరు చూస్తారు చెప్పండి. ఆ చూపుకు చేరేవి మొత్తం పొందిక, రెండు వైపులా ఉన్న సమతూకం, చర్మం రంగు అంతటా సమానంగా ఉందా లేదా అన్నవి. సమానంగా అన్నాను, తెల్లగా అనలేదు. మచ్చలు, ఎరుపు, మరకలు లేకుండా ఒకే తీరుగా ఉన్న చర్మం చామనఛాయదైనా నలుపైనా ఆరోగ్యంగా, వయసు తక్కువగా కనిపిస్తుంది.

స్టెరాయిడ్ చేసేది ఇక్కడే. చర్మంలోని సన్నటి రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, ఎరుపును అణిచేస్తుంది, రెండు మూడు వారాల్లో ముఖం పాలిపోయి నునుపుగా కనిపిస్తుంది. అందరూ బాగున్నావంటారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడి, బుగ్గల మీద ఎర్రటి సన్నటి గీతలు తేలి, గుంపులు గుంపులుగా మొటిమలు లేచి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు కూడా పెరుగుతాయి, ఎండలోకి వెళ్తే మండిపోతుంది. అంటే చూసే కంటికి ఏ సమానత్వం నచ్చుతుందో, చివరికి ఆ ట్యూబు చెడగొట్టేది దాన్నే. ఇలా వచ్చే అమ్మాయిలను నేను వారం వారం చూస్తున్నాను. పిన్ని చెప్పింది, పార్లర్‌లో ఇచ్చారు, మా అక్క పెళ్లికి ముందు రాసింది అంటారు. మీ పిన్నిగారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, తప్పు ఆవిడది కాదు. కానీ ముఖానికి రాసేది కూడా మందే. చర్మానికి రాసే స్టెరాయిడ్లను 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చదువుకున్న మీరు 8 నెలలు ఒక్కసారి కూడా ఆ ట్యూబు మీద ఏం రాసి ఉందో చదవలేదంటే నాకు బాధగా ఉంది.

కంటి దగ్గర రాసుకుంటున్నారా? ఎక్కువ కాలమైతే కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది, చూపు మసకబారుతున్నా తలనొప్పి వస్తున్నా కంటి డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పండి. మీకు సంబంధాలు చూస్తున్నారు కాబట్టి ఇంకో మాట, ట్రెటినోయిన్ ఉన్న మందును గర్భంలోనూ, గర్భం కోసం చూస్తున్నప్పుడూ వాడొద్దంటాం. ట్యూబు కాకుండా కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు లేని డబ్బా క్రీమ్ అయితే పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లకు కిడ్నీ జబ్బు రావడం డాక్టర్లు గుర్తించారు, మూత్రంలో ప్రొటీన్ పోవడం, కాళ్ల వాపు. మూత్రం నురగ వస్తుంటే ఒక చిన్న యూరిన్ పరీక్ష చేయించుకుంటే పోతుంది.

అలాగని ఇది చదివి ఈ రాత్రే ట్యూబు విసిరేయకండి. ఒక్కసారిగా మానితే ముఖం కందగడ్డలా మారి, భరించలేక మళ్లీ అదే ట్యూబు తెచ్చుకున్నవాళ్లు చాలామంది. చర్మ డాక్టరు తక్కువ పవరు మందుకు మార్చి మెల్లగా మాన్పిస్తారు, కొన్ని నెలలు పడుతుంది. ఈలోగా కొత్త క్రీములు, ఫేషియళ్లు, బ్లీచింగ్, నిమ్మరసం ఏవీ వద్దు.

ఇక ముక్కు. సెల్ఫీలో ఫోన్ మీ ముఖానికి అడుగు దూరంలో ఉంటుంది, ముక్కు అంతకంటే దగ్గర, చెవులు దూరం. అయిదడుగుల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే అడుగు దూరం సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికాలో లెక్కగట్టారు. దీనికి ఆపరేషన్ ఎందుకమ్మా, ఇంకొకరి చేతికి ఫోనిచ్చి అయిదారడుగుల నుంచి తీయమనండి.

అద్దం మాటకొస్తే, అందులో మీ ముఖం కుడిఎడమలు మారి కనిపిస్తుంది, మీరు 25 ఏళ్లుగా చూసింది దాన్నే. ఎక్కువ చూసిందే కంటికి నచ్చుతుంది. 1977లో ఒక ప్రయోగంలో మనుషులు తమ ఫొటోల్లో అద్దంలోలా తిప్పినదాన్ని ఎక్కువగా ఇష్టపడితే, వాళ్ల స్నేహితులు మామూలు ఫొటోనే ఇష్టపడ్డారు. మీకు వంకరగా కనిపిస్తున్న ఆ ఫొటో మీ అమ్మగారికి రోజూ చూసే మీ ముఖమే. పైగా రోజంతా ఫిల్టర్ వేసిన ముఖాలు చూస్తే కన్ను కొద్ది నిమిషాల్లోనే వాటికి అలవాటు పడుతుంది, మామూలు ముఖమే తేడాగా అనిపించడం మొదలవుతుంది.

కాస్తో కూస్తో ఒక పక్క తేడా అందరికీ ఉంటుంది. కానీ ఈ పక్కకు ఉండటం ఈమధ్యే ఒక్కసారిగా వచ్చిందా, పుక్కిలిస్తే నీళ్లు ఒక వైపు నుంచి కారుతున్నాయా, ఒక కన్ను పూర్తిగా మూతపడటం లేదా? అలా అయితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. చెయ్యి పట్టు తప్పినా మాట ముద్దగా వచ్చినా గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

‘చాలాసేపు అద్దం ముందే’ అన్నారు కదా. ఎంతసేపో రాయలేదు. రోజుకు గంట దాటుతోందా, ముక్కు గురించిన ఆలోచనతో పెళ్లిళ్లకు, ఆఫీసుకు వెళ్లడం తగ్గిందా, ఇంట్లోవాళ్లు ఏమీ లేదన్నా నమ్మకం కుదరడం లేదా? అయితే ఇది బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్, అంటే రూపంలో ఏదో లోపం ఉందన్న ఆలోచన మనసును వదలకుండా పట్టుకునే ఇబ్బంది కావచ్చు, ఉత్తరం చూసి నేను నిర్ధారించలేను. దీనికి మంచి చికిత్స ఉంది, కౌన్సెలింగ్, అవసరమైతే మాత్రలు. ముక్కు కోయించుకున్నా ఇది సాధారణంగా తగ్గదు, అందుకే సైకియాట్రిస్టును కలిసేదాకా సర్జన్‌కు అడ్వాన్సు కట్టొద్దని నా గట్టి సలహా. టెన్షన్ ఎక్కువగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ముందు మాత్రం చర్మ డాక్టరు దగ్గరకు ఈ వారంలోనే వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ ట్యూబు, దాని అట్టపెట్టె రెండూ తీసుకెళ్లండి, 8 నెలల కిందటి ఫొటో ఉంటే అది కూడా.