నిషేధించి ముప్పై ఏళ్లు దాటినా నీళ్లలో క్లోర్‌డెకోన్ ఎందుకు?

క్లోర్‌డెకోన్ అనే పురుగుమందును వాడటమే మానేశాక నీళ్లలోకి ఇంకా ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగారు. నేలలోంచే. కరీబియన్‌లో ఫ్రాన్స్‌కు చెందిన గ్వాడెలూప్, మార్టినిక్ దీవుల్లో అరటి దుంపను తొలిచే ముక్కుపురుగు కోసం 1972 నుంచి 1993 దాకా ఈ పొడిని చెట్ల మొదళ్లలో చల్లారు. ఫ్రాన్స్ 1990లోనే నిషేధించింది. కానీ ఈ దీవులకు మరో మూడేళ్లు మినహాయింపు! పది కార్బన్లు, పది క్లోరిన్లు పంజరంలా బిగుసుకున్న అణువు ఇది, మట్టిలోని సూక్ష్మజీవులకు ఓ పట్టాన కొరుకుడు పడదు. అక్కడి అగ్నిపర్వత మట్టి దాన్ని గట్టిగా పట్టుకుని, వాన పడ్డప్పుడల్లా కొంచెం కొంచెంగా ఊటల్లోకి వదులుతుంది. నీళ్లు కాచినంత మాత్రాన పోదు. యాక్టివేటెడ్ కార్బన్, అంటే మలినాలను పట్టుకునేలా తయారుచేసిన బొగ్గు, ఫిల్టర్లతో తాగునీటికి పెట్టిన లీటరుకు 0.1 మైక్రోగ్రాము హద్దులోకి తెస్తారు. ఆ బొగ్గుకు పట్టే శక్తి తగ్గితే మార్చాల్సిందే, ఖర్చు ఎంతైనా.