డిక్కీ తెరవమంటే?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో చదువుతున్నాడు. లేన్ మారేటప్పుడు సిగ్నల్ వెయ్యలేదని టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద పోలీసులు ఆపి, డిక్కీ తెరవమన్నారట. ఒంటి రంగు చూసే ఆపారంటాడు. ఒకటే టెన్షన్. అలా ఆపొచ్చా మేడమ్?

జవాబు: రంగు చూసి ఆపకూడదమ్మా. కానీ సాకు దొరికితే నిరూపించడం కష్టం. ట్రాఫిక్ తప్పు నిజంగా జరిగితే చాలు, పోలీసు మనసులో ఏముందో నాలుగో సవరణ (అకారణ సోదాల నుంచి కాపాడే అమెరికా రాజ్యాంగ నిబంధన) కింద చూడనక్కర్లేదని 1996లో వ్రెన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు అంది. విచిత్రం చూడండి, అదే ఏడాది సోటో కేసులో న్యూజెర్సీ కోర్టు ఆ టర్న్‌పైక్ మీదే నల్లజాతి డ్రైవర్లను ఏరి ఆపుతున్నారని తేల్చింది. 1999లో రాష్ట్ర ప్రభుత్వమూ ఒప్పుకుంది.

నన్నూ ఓసారి ఆపారు. వెనక సీట్లో బియ్యం బస్తా ఏమిటని ఇరవై నిమిషాలు రోడ్డు పక్కన నిలబెట్టారు!

మీవాడికి పనికొచ్చేది 2002 నాటి కార్టీ తీర్పు. తగిన అనుమానం లేకుండా కారు వెతకడానికి అనుమతి అడగడమే కుదరదని న్యూజెర్సీ సుప్రీం కోర్టు చెప్పింది. అడిగితే 'ఒప్పుకోను' అని మర్యాదగా చెప్పమనండి. అయినా వెతికితే అడ్డుపడొద్దు, కోర్టులో తేల్చుకోవచ్చు. ఆపిన టైము, చోటు, పోలీసు కారు నంబరు ఆ రాత్రే రాసిపెట్టుకొమ్మనండి.