ఆ వాన గీతలు చెక్కింది ఎవరు?

"జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో ఎక్కువగా ఏం వేసేవారు? ఫుజీ కొండ, పెద్ద కెరటం కాక ఇంకేమన్నా ఉన్నాయా?" అని అడిగారు.

బోలెడున్నాయి. కబుకీ నాటకాల నటులు, ఉతమారో అనే చిత్రకారుడు వేసిన అందగత్తెలు, సుమో వస్తాదులు, దయ్యాలు, టోక్యో నుంచి క్యోటోకి వెళ్లే పాత తొకైదో దారిలో మజిలీలు. నన్నడిగితే అన్నిట్లోకీ గొప్పది వాన, అందులో రెండో మాట లేదు.

మాది పెడన దగ్గర. కలంకారీ అచ్చుల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఉద్యోగానికి టోక్యో వచ్చాక ఒక ఆదివారం అచ్చు వేసి చూపించే చిన్న వర్క్‌షాపుకి వెళ్లాను. మన దగ్గర అచ్చుని రంగులో అద్ది గుడ్డ మీద కొడతారు కదా, ఇక్కడ అంతా తలకిందులు. చెక్క వెల్లకిలా ఉంటుంది, దానికి బ్రష్‌తో రంగు పూసి, తడి కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన 'బారెన్' అనే గుండ్రటి బిళ్లతో పైనుంచి రుద్దుతారు. కాగితం మూల చెక్కలో ఉన్న చిన్న గాడికి సరిగ్గా ఆనాలి. నేను వెంట్రుకవాసి తప్పించాను, గొడుగు రంగు కాస్తా గొడుగు దాటి బయటికొచ్చింది.

తర్వాత వర్క్‌షాపు నడిపే పెద్దాయన వాన గీతలున్న చెర్రీ చెక్క చేతికిచ్చారు. చిత్రకారుడు హిరోషిగె 1857లో వేసిన, టోక్యోలోని షిన్-ఓహాషి వంతెన మీది జడివాన బొమ్మకి నకలు. వేలితో తడిమితే ఒక్కో గీతా దారంలా పైకి తేలి ఉంది. అంటే ఆ గీతలు చెక్కినవి కావు, చుట్టూ ఉన్న చెక్కంతా తీసేయగా మిగిలినవి! ఒక్కటి విరిగితే చెక్క పాడైనట్టే. వంతెన మీద జనం గొడుగులు దించుకుని, ఒకడు చాప కప్పుకుని పరిగెత్తడం మనం చూస్తాం, బొమ్మ మీద హిరోషిగె పేరు చదువుతాం, ఆయన గీసిన వానని చెక్క మీద చెక్కిన వేరే పనివాడి ఊసే ఎవరూ ఎత్తరు. నాకు ఒళ్లు మండేది అక్కడే. డచ్ చిత్రకారుడు వాన్‌గో 1887లో దీన్ని నూనె రంగుల్లో వేశాడు గానీ, ఆ వానలో ఈ పదును లేదు.

మీరడిగిన ఆ పెద్ద కెరటాన్ని, అదే హొకుసాయ్ అనే చిత్రకారుడు వేసినదాన్ని, కప్పుల మీద, టీషర్టుల మీద వేసి అరగదీశారు, 2024 నుంచి వెయ్యి యెన్ల నోటు మీద కూడా అదే. అసలు అచ్చులు చూడాలంటే హరాజుకులోని ఓటా మ్యూజియంకి వెళ్లండి. వెలుతురుకి రంగులు వెలిసిపోతాయని బొమ్మలు మారుస్తూ ఉంటారు, ఆ నెల ఏం పెట్టారో ముందే చూసుకుని బయల్దేరండి.