సెప్టెంబరు దాకా ఆగాలా అని అడిగిన అమ్మలుకు

పశ్చిమ మాంబళం, చెన్నై

చిరంజీవి అమ్మలుకు పెద్దనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సగమే జవాబు చెప్పగలిగాను. మాట మధ్యలోనే నీ ఫోను ఆరిపోయింది. మిగతాది నిదానంగా రాస్తున్నాను. సెప్టెంబరులో కొత్త ఐఫోన్ వస్తుందంటున్నారు, అప్పటిదాకా ఆగనా, లేక ఇప్పుడే ఈ తమిళ నెల ఆడి తగ్గింపుల్లో కొనేయనా అన్నావు. రిచీ స్ట్రీట్‌లో ఫోన్లు విప్పి బాగుచేస్తూ సంసారం నడిపినవాణ్ని, ఈ ప్రశ్న ఎందరి నోటో విన్నాను. అడిగేవాళ్లందరూ రాబోయే ఫోను గురించే మాట్లాడతారు. నేను మాత్రం ముందు చేతిలో ఉన్న ఫోను ఇలా ఇవ్వమనేవాణ్ని. ఆగగలమా లేదా అన్నది తేల్చేది అదే.

మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోతోందనీ, ఇరవై శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోతోందనీ అన్నావు. ఫోను ముసలిదైందని నీ అనుమానం. ముసలిదైంది బ్యాటరీ ఒక్కటే కావచ్చు. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ అందులో నిలిచే ఛార్జి తగ్గుతుంది, దాంతోపాటు లోపలి నిరోధం పెరుగుతుంది. నువ్వు కెమెరా తెరిచినప్పుడో, ఎండలో స్క్రీన్ వెలుతురు పెంచినప్పుడో ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. నీరసించిన బ్యాటరీ అంత ఇవ్వలేదు. వోల్టేజీ పడిపోయి ఫోను ఆరిపోతుంది. పాత బ్యాటరీ ఉన్న ఐఫోన్లు ఇలా ఆగిపోకుండా వాటి వేగాన్ని తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ సంస్థే ఒప్పుకొంది, తర్వాత బ్యాటరీ మార్పిడి ధరనూ తగ్గించింది. ఫోను పనికిరాకుండా పోయిందని నా బల్ల మీద పెట్టినవాళ్లలో చాలామందికి నేను మార్చి ఇచ్చింది బ్యాటరీనే.

కాబట్టి నీ ఫోనులో మిగతావన్నీ బాగుంటే అధీకృత సర్వీసు కేంద్రంలో అసలు బ్యాటరీ వేయించుకోవచ్చు. కొత్త ఫోను ధరతో పోలిస్తే ఆ ఖర్చు చాలా చిన్నది. అది వేయించుకున్నాక సెప్టెంబరు మాట మరిచిపోయి ఇంకో ఏడాది నడుపుకున్నా నేను సంతోషిస్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది జీతం ఫోను వాయిదాలకు పోవడం నాకు ఇష్టం లేదు, ఆ మాట దాచను.

కానీ కొన్ని లక్షణాలు కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగవద్దు. వెనుక మూత ఉబ్బినా, స్క్రీన్ అంచు పైకి లేచినా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టకు, దిండు కింద పెట్టుకోకు. టచ్ పట్టు తప్పుతున్నా, ఛార్జర్‌ను ఒక పక్కకు నొక్కి పట్టుకుంటేనే ఛార్జింగ్ ఎక్కుతున్నా అదీ ప్రమాదమే. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పాత ఫోను నుంచి కొత్తదానికి ఇల్లు మారాలంటే రెండూ ప్రాణంతో ఉండాలి. నువ్వు ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారాలనుకుంటున్నావు కదా, కొత్త ఫోను తొలిసారి తెరిచినప్పుడే, రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకొని, మూవ్ టు ఐఓఎస్ అనే యాప్ ద్వారా వాట్సాప్ సంభాషణలతో సహా అన్నీ పంపుకోవాలి. ఆఫీసు కంప్యూటర్‌లోకి వెళ్లడానికి అంకెలు చూపించే ఆథెంటికేటర్ యాప్ కూడా ఆ పాత ఫోనులోనే ఉంటుంది. కొత్త మోడల్ కోసం ఎదురుచూస్తూ ఎదురుచూస్తూ పాతది చేతిలోనే చచ్చిపోయి, తండ్రి చివరిసారి పంపిన మాటలు కూడా తిరిగి రాని కుర్రవాడు నా దుకాణంలో నిలబడి ఏడ్చాడు. ఏ తగ్గింపూ దానికి సాటి రాదు.

భద్రతా అప్‌డేట్ల సంగతీ చూడు. సెట్టింగ్స్‌లో ఫోను వివరాల కింద చివరి భద్రతా అప్‌డేట్ ఏ నెలదో రాసి ఉంటుంది. అది ఏడాది దాటిపోయి ఉంటే, యూపీఐతో జీతమంతా అందులోనే తిప్పే నీకు కొత్త బ్యాటరీ వేయించినా ఆ ఫోను సరిపోదు.

ఇక ఆగితే ఏం దక్కుతుంది? ఏడాది పొడవునా ఏదో ఒక ఫోను రాబోతూనే ఉంటుంది. ఏడాది మొదట్లో శాంసంగ్ ఎస్ వరుస, 2024, 2025లలో ఆగస్టుకు జరిగిన గూగుల్ పిక్సెల్, ఆ వెంటనే ఐఫోన్. ఐఫోన్‌కు సెప్టెంబరు దాదాపు ఖాయం అనుకున్నా 2020లో కరోనా వల్ల అక్టోబరుకు, కొన్ని మోడళ్లు నవంబరుకు జరిగాయి. కంపెనీ నోటి నుంచి తేదీ వచ్చేదాకా మిగతావన్నీ పుకార్లే. ఆ పుకార్ల మీద నీ రోజువారీ పని నిలపకు.

పైగా ఆగిన ప్రతిసారీ ఫలితం ఒకేలా ఉండదు. 2022లో ఐఫోన్ 14 కోసం ఆగినవాళ్లకు దాదాపు ఐఫోన్ 13లో ఉన్న ఏ15 చిప్పే మళ్లీ దక్కింది. 2025లో ఐఫోన్ 17 కోసం ఆగినవాళ్లకు మాత్రం న్యాయం జరిగింది. మామూలు మోడల్‌కే కదలికలు నునుపుగా కనిపించే 120 హెర్ట్జ్ స్క్రీన్ వచ్చింది, మొదటి రకంలోనే 256 జీబీ నిల్వ వచ్చింది, అప్పటి ధర 82,900 రూపాయలు. అందుకే నిన్ను అడుగుతున్నాను: కొత్తదానిలో నీకు కావలసింది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పగలవా? చెప్పగలిగితే ఆగు. కొత్తది కదా అనేది కారణం కాదు. చూపించినదంతా చేతికి వస్తుందనీ అనుకోకు. 2024 జూన్‌లో ఐఫోన్‌లో మాట విని పనిచేసే సిరికి కొత్త తెలివితేటలు వస్తాయని ఆపిల్ చూపించింది, 2025 మార్చిలో వాటిని వాయిదా వేసింది. కొనే రోజున పనిచేస్తున్న దానికే డబ్బు ఇవ్వాలి.

నిజం చెప్పాలంటే, ఆగినందుకు నమ్మకంగా దక్కే లాభం పాత మోడల్ ధరలో ఉంటుంది. 79,900కు వచ్చిన ఐఫోన్ 14, మరుసటి ఏడాది 15 రాగానే 69,900 అయింది. 15 కూడా 16 రాగానే అంతే దిగింది, 16 కూడా 17 రాగానే అంతే. ఈసారీ అలాగే జరిగి తీరుతుందని ఎవరూ రాసి ఇవ్వలేదు. ఇంకో మెలిక ఉంది: ఖరీదైన ప్రో మోడళ్లకు ఈ దిగుడు వర్తించదు. కొత్తవి రాగానే ఆపిల్ పాత ప్రోలను తన దుకాణం నుంచి తీసేస్తుంది, దుకాణాల్లో మిగిలిన సరుకే దిక్కు.

ఇప్పుడు ఉస్మాన్ రోడ్డులో పట్టుచీరల దుకాణం నుంచి ఫోన్ల దుకాణం దాకా అన్నింటా ఆడి తగ్గింపు బోర్డులే. ఆడిలో శుభకార్యాలు ఉండవు, బేరాలు మందగిస్తాయి, అందుకే తగ్గింపు. చీరలకు అది మంచి కాలమే. ఐఫోన్ కొనడానికి మాత్రం ఇది ఓ నెల తొందర. రేపో మాపో అధికారికంగా పది వేలు దిగే అవకాశమున్న సరుకును, ఇవాళ మూడు నాలుగు వేలు తగ్గించి నీకు అంటగట్టడం అమ్మేవాడికి లాభమే.

పన్ను తగ్గుతుందని మాత్రం ఆశ పెట్టుకోకు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ మారినప్పుడు పెద్ద టీవీలు 28 శాతం నుంచి 18కి దిగాయి, ఫోన్లు మాత్రం ఉన్న 18 శాతంలోనే ఉండిపోయాయి. ఇక్కడి శ్రీపెరుంబుదూరులో ఐఫోన్లు తయారవుతున్నంత మాత్రాన మనకు చవకగా రావు కూడా.

కొత్తదే కొనాలని తేల్చుకున్నా, వచ్చిన మొదటి వారంలో వరుసలో నిలబడకు. 2016 ఆగస్టులో వచ్చిన గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు కాలిపోతూ ఉంటే అక్టోబరుకల్లా ఆ మోడల్‌నే ఆపేశారు. మొట్టమొదటి ఐఫోన్ 2007 జూన్‌లో 599 డాలర్లకు వచ్చి, సెప్టెంబరులో 399 అయింది. నెల రోజులు ఇతరుల చేతుల్లో నలిగాక దసరా, దీపావళి అమ్మకాల్లో కొను. వడ్డీ లేని వాయిదా అన్నా, ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద జీఎస్టీ కలిపి మొత్తం ఎంతవుతుందో కూడి చూడు.

కాబట్టి నీ విషయంలో నా తీర్పు ఇది. ఆడిలో కొనకు. ఫోను తట్టుకుంటే దీపావళి దాకా ఆగు, ఆ తర్వాత ఒక్క రోజు కూడా ఆగకు. అప్పటికి ధర దిగిన మామూలు మోడల్ నీకు చాలు. ప్రో అవసరం నీ పనిలో నాకు కనిపించలేదు.

ఆదివారం షోళింగనల్లూరు నుంచి ఉదయమే బయలుదేరి ఫోను, దాని ఛార్జర్ తీసుకొని ఇంటికి రా. వచ్చే ముందు శనివారం రాత్రి ఫొటోలూ వాట్సాప్ సంభాషణలూ బ్యాకప్ చేసి పెట్టు, ఆథెంటికేటర్ తిరిగి తెరవడానికి ఇచ్చిన అంకెలు కాగితం మీద రాసుకో. మూత తీసి బ్యాటరీ ఉబ్బిందేమో నేనే చూస్తాను. ఉబ్బి ఉంటే ఇంటి నుంచే ఇద్దరం సర్వీసు కేంద్రానికి వెళ్దాం. మీ పెద్దమ్మ పెసరట్లకు నానబెడతానంటోంది, ఎన్ని గంటలకు వస్తావో ముందే చెప్పు.

ఇట్లు,
మీ పెద్దనాన్న