తెరామాచికి వెళ్లే ముందు

చి. స్రవంతికి,

మామయ్య దీవెనలు. జులై మధ్యలో జపాన్‌లోని కనజావా వెళ్తున్నామని, ‘నింజా గుడి’ చూసి వచ్చేస్తామని రాశావు. అంత దూరం వెళ్లి ఆ ఒక్కటే చూసొస్తే ఎలాగమ్మా?

ముందు ఆ గుడి సంగతే చెబుతా. అసలు పేరు మ్యోర్యూజి. బుక్ చేసుకోకుండా వెళ్లొద్దు. బడి వయసు రాని పిల్లల్ని లోపలికి రానివ్వరు, కాబట్టి బుజ్జిగాడి దగ్గర ఒకరు బయట ఉండి వంతులేసుకుని చూడండి. ఫోటోలు కుదరవు. బయటికి రెండంతస్తులే, లోపల నాలుగు, 29 మెట్లదారులు. ఒకదానికి మెట్టుకూ మెట్టుకూ మధ్య చెక్క బదులు కాగితం ఉంటుంది. ఎక్కేవాడి పాదాల నీడ దాని మీద పడితే, వెనక దాక్కున్నవాడు బల్లెంతో పొడుస్తాడు. నింజాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. మాయెదా తొషిత్సునె అనే ప్రభువు 1643లో ఇక్కడికి మార్పించి కట్టించాడు. ఆయనకు షోగున్ అంటే, దేశాన్ని ఏలే సైన్యాధిపతి అంటే, గుబులు.

ఆ గుబులు ఆ గుడి ఉన్న తెరామాచి (అంటే గుళ్ల పేట) అంతా కనిపిస్తుంది. సాయి నది అవతలి గట్టు మీద సుమారు 70 గుళ్లు. పెద్ద ఆవరణలు, గోడలు ఉంటాయి కాబట్టి యుద్ధమొస్తే ప్రభువు కోటకు అడ్డుగా, సైన్యానికి మకాంగా పనికొస్తాయని ఇలా ఒకచోట చేర్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరి మీద బాంబులు పడకపోవడం అదృష్టం. 2012లో ప్రభుత్వం దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. హిరోకోజి బస్ స్టాపులో దిగి, మెయిన్ రోడ్డు వదిలేసి సందుల్లో నడవండి. దగ్గర్లోనే గన్నెంజి అనే చిన్న గుడి ఉంది. 1689లో బషో అనే పేరున్న హైకూ కవి ఈ ఊరొచ్చేసరికి, కలవాలనుకున్న ఇస్షో అనే కవి అప్పటికే చనిపోయాడు. ఆయన కోసం బషో రాసిన హైకూ రాయి మీద చెక్కి ఉంటుంది.

చాలా గుళ్లు టూరిస్టుల కోసం కాదు, ఊళ్లో కుటుంబాలవి. తలుపు మూసుంటే తోయొద్దు. మీరు వెళ్లేది పెద్దల పండుగ రోజుల్లో. సమాధుల ముందు కిరికో అనే చెక్క, కాగితం లాంతర్లు వేలాడదీస్తారు. పెళ్లి చదివింపుల కవరు మీద రాసినట్టు, వచ్చినవాళ్లు వాటి మీద పేరు రాస్తారు, ఎవరొచ్చారో ఆ ఇంటివాళ్లకు తెలియాలిగా. చూడండి, కానీ దండం పెట్టుకునేవాళ్లకు కెమెరా ఎత్తకండి.

చిరుగుల్లేని సాక్సులు వేసుకోండి, బూట్లు విప్పాలి. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవొద్దని అక్కడివాళ్లే అంటారు. బుకింగ్ టైమ్ దొరగ్గానే ఫోన్ చెయ్యి, దాన్నిబట్టి రూటు చెబుతా.

మామయ్య